డాక్టరుగారు జబ్బును ఎలా కనిపెడతారు?



ఇంటి దగ్గర ఉన్నప్పుడు మనకు ఒంట్లో బాగా లేకపోతే డాక్టరుగారికి అన్నీ అమ్మే చెబుతుంది. ఒళ్ళు ఎప్పుడు వెచ్చబడిందో, రాత్రి ఎన్నిసార్లు లేచామో, ఏం తిన్నామో, ఏం కక్కామో అన్నీ ఆమెకు తెలుసు. హాస్టల్లో అమ్మ ఉండదు. వార్డెన్ గారు ఎంత మంచివారైనా అంతమంది పిల్లల ఒళ్ళు రోజూ తాకి చూడలేరు. కాబట్టి మన ఒంటి సంగతి మనమే చెప్పుకోవాలి. అది సరిగా చెప్పాలంటే డాక్టరుగారు ఏమి అడుగుతారో, ఎందుకు అడుగుతారో, ఎలా ఆలోచిస్తారో మనకు కొంతైనా తెలిసి ఉండాలి. ఆ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం.

జబ్బు వేరు, లక్షణం వేరు

మనలో చాలామంది "జ్వరం" అనేదే ఒక జబ్బు అనుకుంటాం. నిజానికి జ్వరం జబ్బు కాదు, లోపల ఏదో జబ్బు ఉందని శరీరం పంపే కబురు. దూరంగా పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉందని తెలుస్తుంది. కాలేది గడ్డివామో, ఇల్లో, చెత్తకుప్పో దగ్గరికి వెళ్ళి చూస్తేగానీ తెలియదు. పారాసెటమాల్ మాత్ర వేసుకుంటే పొగ తగ్గుతుంది, నిప్పు ఎక్కడుందో మాత్రం తెలియదు.

రోగి తాను అనుభవించి చెప్పేవాటిని లక్షణాలు అంటారు. తలనొప్పి, కడుపులో తిప్పడం, నీరసం ఇలాంటివి. డాక్టరుగారు స్వయంగా చూసి, తాకి, కొలిచి కనిపెట్టేవి చిహ్నాలు. కళ్ళు పచ్చబడటం, నాడి వేగంగా కొట్టుకోవడం ఇలాంటివి. మూడోది ల్యాబులో చేసే పరీక్షల ఫలితం. ఈ మూడింటినీ కలిపి ఇది ఫలానా జబ్బు అని తేల్చడాన్ని రోగ నిర్ధారణ అంటారు. వాడుకలో డయాగ్నసిస్ అంటాం.

ఈ పద్ధతి మన దేశానికి కొత్త కాదు. ఆయుర్వేదంలో వాగ్భటుడు రోగిని మూడు విధాలుగా పరీక్షించాలన్నాడు. అవి దర్శనం, స్పర్శనం, ప్రశ్న. అంటే చూడటం, తాకడం, అడగడం. నేటి ఆధునిక వైద్యంలో వీటికి ల్యాబు తోడైంది.

మొదటి మెట్టు: అడగడం

డాక్టరుగారి గదిలోకి వెళ్ళగానే "ఏం బాబూ, ఏమైంది? ఎన్నాళ్ళ నుంచి?" అని అడుగుతారు. మనం ఊరికే మర్యాదకు అడిగారనుకుంటాం. కానీ రోగ నిర్ధారణలో అన్నిటికంటే పెద్ద భాగం ఇదే. 1975లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశోధన వచ్చింది. కొత్తగా వచ్చిన 80 మంది రోగుల్లో 66 మందికి, వారి మాటలు విని, వెంట తెచ్చిన ఉత్తరం చదవగానే డాక్టర్లు అనుకున్న జబ్బే చివరికి నిజమని తేలింది. ఒంటిని పరీక్షించడం వల్ల అభిప్రాయం మారింది 7 మంది విషయంలో, ల్యాబు పరీక్షల వల్ల మారింది మరో 7 మంది విషయంలో. అంటే యంత్రాలకంటే ముందు రోగి నోరే ఎక్కువ చెబుతుంది.

డాక్టరుగారు అడిగే ప్రతి ప్రశ్న వెనుకా ఒక కారణం ఉంటుంది. కొన్ని చూద్దాం.

"జ్వరం ఎప్పుడు మొదలైంది?" రోజుల లెక్కను బట్టి ఏ పరీక్ష చేయాలో నిర్ణయిస్తారు. ఈ సంగతి ముందు వివరిస్తాను.

"చలి వణుకుతో వస్తుందా? చెమట పట్టి దిగుతుందా?" మలేరియాలో ఇలా జరుగుతుంది. వైవాక్స్ రకం మలేరియా బాగా ముదిరాక జ్వరం రోజు విడిచి రోజు రావచ్చు. మొదటి రోజుల్లో మాత్రం ప్రతిరోజూ వచ్చినా రావచ్చు.

"ఈ మధ్య ఏ ఊరు వెళ్ళొచ్చావు?" సెలవులకు ఏజెన్సీ ప్రాంతంలోని సొంత ఊరికి వెళ్ళి వచ్చిన విద్యార్థికి జ్వరం వస్తే డాక్టరుగారి మనసులో మలేరియా ముందు వరుసలోకి వస్తుంది.

"నీ గదిలో ఇంకెవరికైనా ఉందా?" ఒకే రోజు పదిమందికి వాంతులు, విరేచనాలు అయితే తిండినో, నీళ్ళనో అనుమానించాలి. అప్పుడు రోగితోపాటు నీళ్ళ ట్యాంకుకూ పరీక్ష చేయించాల్సి వస్తుంది.

"ఇప్పటికే ఏ మందులు వాడావు?" ఈ ప్రశ్నకు మనలో చాలామంది నిజం చెప్పరు. ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గర సూది వేయించుకున్నామని చెబితే తిడతారని భయం. కానీ ముందే యాంటిబయాటిక్ పడితే రక్తంలోని క్రిములు కల్చర్ పరీక్షలో దొరకకపోవచ్చు. ఆ సంగతి తెలియకపోతే డాక్టరుగారు "క్రిములు లేవు" అని పొరబడే అవకాశం ఉంది. తిట్లు పడినా సరే, మందు చీటీ చూపించాలి.

కడుపునొప్పినే తీసుకోండి. నొప్పి మొదట బొడ్డు చుట్టూ మొదలై, కొన్ని గంటల తర్వాత కుడివైపు పొత్తికడుపులోకి దిగిందని రోగి చెబితే, డాక్టరుగారు వెంటనే అపెండిసైటిస్‌ను అనుమానిస్తారు. "కడుపునొప్పి సార్" అని ఊరుకుంటే ఈ ఆధారం దొరకదు. నొప్పి ఎక్కడ పుట్టింది, ఎటు నడిచింది అన్నది చెప్పగలిగినవాడు నొప్పి అనుభవించినవాడు ఒక్కడే.

రెండో మెట్టు: చూడటం, తాకడం, తట్టడం, వినడం

మాటలు విన్న తర్వాత డాక్టరుగారు ఒంటిని పరీక్షిస్తారు. కింది రెప్పను లాగి చూసేది రక్తం తక్కువగా ఉందేమోనని. అక్కడ ఎర్రగా ఉండాల్సిన పొర తెల్లగా పాలిపోయి ఉంటే రక్తహీనత అనుమానిస్తారు. కంటి తెల్లగుడ్డు పచ్చబడితే కామెర్లు. కామెర్లను పగటి వెలుగులో చూడాలి, పసుపు రంగు బల్బు కింద మోసపోతాం. గోళ్ళు ఉబ్బి, వేలి చివరలు డోలుపుల్లల్లా లావెక్కితే ఊపిరితిత్తుల్లోనో గుండెలోనో చాలాకాలంగా జబ్బు ఉండవచ్చు. మెడ పక్కన బిళ్ళలు కట్టాయేమో వేళ్ళతో వెతుకుతారు.

ఒక్కోసారి చొక్కా విప్పమంటారు. సిగ్గుపడకూడదు. స్క్రబ్ టైఫస్ అనే జ్వరం ఉంది. పొదల్లో, గడ్డిలో ఉండే నల్లికంటే చిన్న పురుగు కుట్టడం వల్ల వస్తుంది. కుట్టినచోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పొక్కు కడుతుంది. అది నొప్పి పెట్టదు. చంకలోనో, గజ్జల్లోనో ఉంటే రోగికే తెలియదు. వెతికి ఆ ఒక్క మచ్చ పట్టుకుంటే పేరు తెలియని జ్వరానికి పేరు దొరుకుతుంది.

ఇక వేళ్ళతో ఛాతీ మీద తట్టి వినడం. దీన్ని కనిపెట్టినవాడు ఆస్ట్రియా దేశపు డాక్టరు ఔవెన్‌బ్రుగర్. ఆయన తండ్రి సత్రం నడిపేవాడు. సారా పీపా ఎంతవరకు నిండి ఉందో తెలుసుకోవడానికి పీపాను తట్టి చూసేవారు. ఖాళీ ఉన్నచోట ఒక చప్పుడు, నిండినచోట మరో చప్పుడు వస్తుంది. మన ఇళ్ళల్లో కుండను తట్టి చూసినట్టే. మనిషి ఛాతీని కూడా ఇలాగే తట్టి, లోపల నీరు చేరిందో లేదో చెప్పవచ్చని ఆయన 1761లో ఒక పుస్తకం రాశాడు.

మెడలో వేలాడే స్టెతస్కోపు కథ కూడా సరదాగా ఉంటుంది. 1816లో ప్యారిస్‌లో లెనెక్ అనే డాక్టరు దగ్గరికి గుండెజబ్బుతో ఒక యువతి వచ్చింది. ఆమె ఛాతీకి చెవి ఆనించి వినడానికి మొహమాటపడి, ఆయన కాగితాలను గొట్టంగా చుట్టి ఒక చివర ఛాతీ మీద, మరో చివర చెవి దగ్గర పెట్టుకున్నాడు. చెవి ఆనించినప్పటి కంటే స్పష్టంగా వినిపించింది. తర్వాత చెక్క గొట్టం చేయించాడు. ఊపిరితిత్తుల చప్పుళ్ళను శాస్త్రంగా రాసిన ఆ మహానుభావుడు 45 ఏళ్ళకే, 1826లో, క్షయతో మరణించాడు.

స్టెతస్కోపుతో మన వయసు పిల్లల్లో ముఖ్యంగా పట్టుకోవలసిన జబ్బు ఒకటుంది. స్ట్రెప్టోకోకస్ అనే క్రిమి వల్ల గొంతునొప్పి వచ్చి, సరైన మందు పడకపోతే, రెండు మూడు వారాల తర్వాత కొందరికి కీళ్ళు వాచి, ఒక కీలు నుంచి ఇంకో కీలుకు నొప్పి పాకుతుంది. ఇది రుమాటిక్ జ్వరం. 5 నుంచి 15 ఏళ్ళ పిల్లల్లో ఎక్కువ. కీళ్ళు బాగుపడతాయి గానీ గుండె కవాటాలు దెబ్బతినవచ్చు. అప్పుడు గుండె చప్పుళ్ళ మధ్య గాలి వీచినట్టు అదనపు శబ్దం వినిపిస్తుంది. ముందుగా కనిపెడితే మూడు నాలుగు వారాలకోసారి వేసే పెన్సిలిన్ సూదితో మళ్ళీ మళ్ళీ జ్వరం రాకుండా, గుండె మరింత చెడకుండా కాపాడవచ్చు.

వీటితోపాటు కొలతలు ఉంటాయి. శరీర ఉష్ణోగ్రత సుమారు 98.6 డిగ్రీల ఫారన్‌హీట్. పెద్దవారిలో నాడి నిమిషానికి 60 నుంచి 100, శ్వాస నిమిషానికి 12 నుంచి 20. వేలికి క్లిప్పులా పెట్టే చిన్న యంత్రంలో ఆక్సిజన్ 95 శాతం లేదా అంతకు మించి ఉండాలి. 2020లో కరోనా వచ్చాక ఈ యంత్రం పల్లెల్లో కూడా అందరికీ తెలిసిపోయింది.

మూడో మెట్టు: జాబితా వేసుకోవడం

విన్నదాన్నీ చూసినదాన్నీ బట్టి డాక్టరుగారు మనసులో ఒక జాబితా తయారుచేస్తారు. "ఇది కావచ్చు, అది కావచ్చు, ఫలానాది మాత్రం కాకూడదు" అనుకుంటూ ఒక్కొక్కటే కొట్టేస్తారు. లెక్కల పరీక్షలో నాలుగు జవాబుల్లోంచి తప్పువి తీసేసినట్టు. ఐదు రోజులుగా జ్వరం ఉన్న విద్యార్థి విషయంలో ఆ జాబితా ఇలా ఉండవచ్చు.

1. మలేరియా: చలి, వణుకు, చెమట.
2. డెంగీ: ఒక్కసారిగా పెద్ద జ్వరం, కళ్ళ వెనుక నొప్పి, ఒళ్ళంతా విరిచేసినట్టు నొప్పులు, ఒంటిమీద ఎర్రటి దద్దుర్లు.
3. టైఫాయిడ్: రోజురోజుకూ మెట్టుమెట్టుగా పెరిగే జ్వరం, కడుపునొప్పి, నాలుక మీద తెల్లటి పూత.
4. చికున్‌గున్యా: జ్వరంతోపాటు నడవనివ్వని కీళ్ళ నొప్పులు.
5. నిమోనియా: దగ్గు, ఆయాసం, ఛాతీలో నొప్పి.
6. మూత్రంలో ఇన్‌ఫెక్షన్: మంట, మాటిమాటికీ మూత్రం రావడం.
7. మామూలు వైరస్ జ్వరం: మూడు నాలుగు రోజుల్లో తనంతట తానే తగ్గేది.

జాబితాలో ఎక్కువమందికి వచ్చేదాన్ని ముందు రాసుకుంటారు. అరుదుగా వచ్చేదైనా ప్రాణం తీసేది ఉంటే దాన్ని ముందు తోసిపుచ్చుతారు. జ్వరంతో మెడ వంగకపోతే మెదడు పొరల వాపు కాదని తేలేదాకా డాక్టరుగారు నిద్రపోరు.

నాలుగో మెట్టు: పరీక్షలు

జాబితా తయారయ్యాకే పరీక్ష. ఏమి వెతుకుతున్నామో తెలియకుండా అన్ని పరీక్షలూ రాయించుకుంటే డబ్బు దండగ, రక్తం దండగ.

మలేరియాకు వేలి నుంచి చుక్క రక్తం తీసి గాజుపలక మీద పూసి, రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. ఎర్ర రక్తకణాల లోపల పరాన్నజీవి కనిపిస్తుంది. దీన్ని మొదట 1880లో అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి డాక్టరు చూశాడు. ఇది దోమలో కూడా పెరుగుతుందని 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. హైదరాబాద్ నల్లకుంటలో జనం కోరంటి ఆసుపత్రి అని పిలుచుకునే ఫీవర్ ఆసుపత్రికి ఆయన పేరే పెట్టారు. ఇప్పుడు చిన్న పట్టీ మీద రక్తపు చుక్క వేసి సుమారు ఇరవై నిమిషాల్లో తేల్చే పరీక్ష కూడా ఆశా కార్యకర్తల దగ్గర ఉంటోంది.

డెంగీకి రోజుల లెక్క ముఖ్యం. మొదటి ఐదు రోజుల్లో ఎన్.ఎస్.1 అనే పరీక్ష చేస్తారు. అది వైరస్‌కు చెందిన పదార్థాన్నే పట్టుకుంటుంది. ఐదు రోజులు దాటితే శరీరం తయారుచేసిన ఐ.జి.ఎం. ప్రతిరక్షకాలను వెతుకుతారు. తప్పు రోజున తప్పు పరీక్ష చేస్తే జబ్బు ఉన్నా లేదనే వస్తుంది. "జ్వరం ఎప్పుడు మొదలైంది?" అని మొదట అడిగింది ఇందుకే. ప్లేట్‌లెట్లు మామూలుగా లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షలు ఉంటాయి. డెంగీలో తగ్గుతాయి. జ్వరం దిగిపోయాక కూడా విపరీతమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం కనిపిస్తే అదే ప్రమాద సమయం. డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఆస్పిరిన్, బ్రూఫెన్ లాంటి నొప్పి మాత్రలు వేసుకోకూడదు. రక్తస్రావం ఎక్కువవుతుంది.

టైఫాయిడ్‌కు మొదటి వారంలో రక్తాన్ని కల్చర్ చేయడం మంచిది. అంటే క్రిములకు ఆహారం వేసి పెంచి చూడటం. అందరికీ తెలిసిన విడాల్ పరీక్ష సాధారణంగా మొదటి వారం దాటాకే పనికొస్తుంది. వెనుక ఎప్పుడో టైఫాయిడ్ వచ్చినవారికి కూడా అది పాజిటివ్ చూపించవచ్చు. కాబట్టి విడాల్ కాగితం ఒక్కటే పట్టుకుని టైఫాయిడ్ అని తీర్మానించకూడదు.

క్షయకు కళ్ళె పరీక్ష. క్షయకు కారణమైన క్రిమిని రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న బెర్లిన్‌లో ప్రకటించాడు. అందుకే మార్చి 24 ప్రపంచ క్షయ దినం. నేడు సి.బి.నాట్ అనే యంత్రం సుమారు రెండు గంటల్లో క్రిమి ఉందో లేదో, రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకు అది లొంగుతుందో లేదో కూడా చెప్పగలదు. ఉమ్మి ఇస్తే చాలదు. పొద్దున్నే లేవగానే గట్టిగా దగ్గి, ఛాతీ లోపలి నుంచి వచ్చిన కళ్ళె ఇవ్వాలి. ఎక్స్-రే తోడుగా ఉంటుంది. ఆ కిరణాలను 1895 నవంబరు 8న జర్మనీలో రాంట్‌జెన్ కనిపెట్టాడు.

రక్తహీనతకు హిమోగ్లోబిన్ చూస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 12 నుంచి 14 ఏళ్ళవారికి, 15 దాటిన ఆడపిల్లలకు 12 గ్రాములకు తగ్గితే, 15 దాటిన మగపిల్లలకు 13 గ్రాములకు తగ్గితే రక్తహీనత. కానీ "రక్తం తక్కువ" అన్నది సగం జవాబే. ఎందుకు తక్కువైంది? ఇనుము చాలకనా, కొంకిపురుగులు పీల్చినందువల్లా, నెలసరిలో ఎక్కువ పోతోందా, వంశంలో వచ్చే సికిల్ సెల్ జబ్బా? సూక్ష్మదర్శినిలో కణాలు చిన్నవిగా, వెలవెలబోతూ ఉంటే ఇనుము లోపం. కొడవలి ఆకారంలో ఉంటే సికిల్ సెల్. గిరిజన ప్రాంతాల్లో సికిల్ సెల్ ఎక్కువ కాబట్టి 2023 జులైలో కేంద్ర ప్రభుత్వం ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టింది. కారణం తెలియకుండా ఏళ్ళ తరబడి టానిక్కులు తాగితే ఫలితం ఉండదు.

ఇక్కడ మన తెలుగువాడిని తలుచుకోవాలి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో ఫిస్క్ అనే ఆచార్యునితో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో రంగును బట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అనే పేరుతో అది ప్రపంచమంతా ల్యాబుల్లోకి వెళ్ళింది. మీరు వారం వారం వేసుకునే నీలం రంగు మాత్రలో ఇనుముతోపాటు ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. ఆ ఫోలిక్ ఆమ్లం మీద పనిచేసి తయారుచేసిన బృందానికి నాయకుడు కూడా ఆయనే.

పరీక్ష ఎంతవరకు నిజం చెబుతుంది?

కంప్యూటర్లో అచ్చు వేసిన కాగితం వస్తే మనం దేవుడి మాటలా నమ్ముతాం. చిన్న లెక్క చేసి చూద్దాం. ఒక ఊళ్ళో 1000 మంది ఉన్నారనుకోండి. వారిలో 10 మందికి ఒక జబ్బు ఉంది. మన దగ్గరున్న పరీక్ష జబ్బు ఉన్న పదిమందిలో 9 మందిని పట్టుకుంటుంది. జబ్బు లేని పదిమందిలో ఒకరిని పొరపాటున ఉన్నట్టు చూపిస్తుంది. మంచి పరీక్షే కదా!

అందరికీ పరీక్ష చేస్తే నిజంగా జబ్బు ఉండి పాజిటివ్ వచ్చేవారు 9 మంది. జబ్బు లేని 990 మందిలో పదో వంతు, అంటే 99 మందికి తప్పుడు పాజిటివ్. మొత్తం పాజిటివ్‌లు 108. అందులో నిజమైనవి 9. అంటే పన్నెండింటిలో ఒక్కటి!

ఇప్పుడు అదే పరీక్షను లక్షణాలు విని, ఒళ్ళు చూసి, "సగం మందికైనా ఉండవచ్చు" అని ఏరిన 1000 మందికి చేద్దాం. జబ్బు ఉన్న 500 మందిలో 450 మంది దొరుకుతారు. లేని 500 మందిలో 50 మందికి తప్పు వస్తుంది. పాజిటివ్ వచ్చిన 500లో 450 నిజం. పదింటికి తొమ్మిది! పరీక్ష మారలేదు, యంత్రం మారలేదు. ముందు అడిగి, చూసి ఏరడం వల్ల దాని మాటకు విలువ పెరిగింది. పేపర్లో ప్రకటన చూసి ప్యాకేజీ పరీక్షలు చేయించుకునేవారికి ఈ లెక్క చెప్పండి.

తగ్గిందంటే మందు పనిచేసినట్టేనా?

కామెర్లు రాగానే మన ఊళ్ళల్లో పసరు పోయిస్తారు, చేతి మీద కాల్పిస్తారు. నెలకు తగ్గుతుంది. పసరు గొప్పదంటారు. కలుషితమైన నీటి వల్ల వచ్చే హెపటైటిస్ ఎ కామెర్లు చాలామందిలో తగిన విశ్రాంతి, తిండితో వాటంతట అవే తగ్గుతాయి. ఆ పేరు పసరుకు పోతుంది. కానీ కామెర్లు అన్నీ ఒకటి కావు. హెపటైటిస్ బి ఉండవచ్చు, పిత్తాశయంలో రాయి అడ్డుపడి ఉండవచ్చు, సికిల్ సెల్ వల్ల కూడా కళ్ళు పచ్చబడవచ్చు. ఏ కామెర్లో తేల్చకుండా కాల్పించుకుంటే పుండు మిగులుతుంది, అసలు జబ్బు లోపల ఉండిపోతుంది.

హాస్టల్లో మనం దాచే జబ్బులు

పైన చెప్పిన మెట్లన్నీ మనం ఆసుపత్రి గడప ఎక్కితేనే. ఎక్కకపోతే ఎంత గొప్ప డాక్టరైనా ఏం చేయగలరు? మనం కొన్నిటిని దాచుకుంటాం. ఇంటికి పంపేస్తారని, పరీక్షలు పోతాయని, తోటివారు దూరం జరుగుతారని భయం.

రెండు వారాలకు మించిన దగ్గు, సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం ఉంటే క్షయ పరీక్ష చేయించుకోవాలి. పరీక్ష, మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. మందులు మొదలుపెట్టిన కొద్ది వారాల్లో ఇతరులకు అంటే గుణం బాగా తగ్గిపోతుంది. దాచినవాడి పక్కన పడుకున్నవారికే ప్రమాదం.

ఒంటిమీద పాలిపోయిన మచ్చ ఉండి, అక్కడ దూదితో తాకినా తెలియకపోతే కుష్ఠు కావచ్చు. ఆ మచ్చ దురద పెట్టదు, నొప్పి పెట్టదు కాబట్టే పట్టించుకోం. ఆరు నెలలు లేదా ఏడాది ఉచిత మందులతో పూర్తిగా నయమవుతుంది. ఆలస్యం చేస్తే వేళ్ళు వంకరపోతాయి. వేళ్ళు పోయాక వచ్చే మందు లేదు.

బోర్డు కనిపించక పక్కవాడి నోట్సు చూసి రాసుకునేవారు మొద్దులు కారు. ఆరు మీటర్ల దూరం నుంచి అక్షరాల పటం చదివిస్తే దృష్టి లోపం ఐదు నిమిషాల్లో తెలుస్తుంది. ఆడపిల్లలు నెలసరి బాధలను నర్సమ్మకైనా చెప్పాలి.

మనసుకు వచ్చే జబ్బుకు రక్తపరీక్ష లేదు. రెండు వారాలకు పైగా దిగులు, నిద్ర పట్టకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, చచ్చిపోవాలనిపించడం ఉంటే అదీ జబ్బే. దాన్ని డాక్టరుగారు కనిపెట్టేది అడిగి, విని మాత్రమే. 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. చెప్పుకున్న సంగతి రహస్యంగా ఉంచడం వారి ధర్మం.

మన స్కూళ్ళకు పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు వస్తుంటాయి. ఆ రోజు వరుసలో నిలబడి "ఏం లేదు సార్" అని వచ్చేయకండి.

వెంటనే వెళ్ళవలసిన సమయాలు

ఈ కిందివాటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగవద్దు. ఆయాసంతో మాట రాకపోవడం, ఫిట్స్, తెలివి తప్పడం, జ్వరంతో మెడ బిగుసుకోవడం, రక్తం కక్కడం, కడుపు చెక్కలా గట్టిపడే నొప్పి, చేతులు కాళ్ళు చల్లబడటం, చాలాసేపు మూత్రం రాకపోవడం, పాము కాటు. రాత్రి ఎంత పొద్దుపోయినా వార్డెన్ గారిని లేపండి. 2005 ఆగస్టు 15న మన దగ్గర మొదలైన 108 అంబులెన్సు పిలవడానికి డబ్బు అక్కర్లేదు.

డాక్టరుగారి దగ్గరికి వెళ్ళేముందు

మిత్రులారా! ఒక చిన్న కాగితం తీసుకుని ఈ ఏడు సంగతులు రాసుకోండి.

1. బాధ ఏమిటి, ఏ తేదీన మొదలైంది?
2. ఎక్కడ మొదలై ఎటు పోయింది, ఏ వేళ ఎక్కువవుతుంది?
3. జ్వరం ఎంత ఉంది? పొద్దున, సాయంత్రం చూసిన అంకెలు.
4. తిన్నది, తాగినది, వెళ్ళిన ఊళ్ళు.
5. వేసుకున్న మాత్రలు, సూదులు. చీటీలు ఉంటే వెంట తీసుకెళ్ళాలి.
6. ఇదివరకు వచ్చిన జబ్బులు, ఏ మందైనా పడకపోవడం, ఇంట్లోవారి జబ్బులు.
7. గదిలో ఇంకెవరికి ఇలా ఉంది?

మీకు ఓపిక లేకపోతే పక్క మంచం స్నేహితుడిచేత రాయించండి. స్నేహితుడికి బాగాలేకపోతే మీరు రాయండి, మీరే వెంట వెళ్ళండి. "వచ్చింది ఏ జబ్బు? ఈ పరీక్ష ఎందుకు? మళ్ళీ ఎప్పుడు రావాలి?" అని డాక్టరుగారిని మర్యాదగా అడగండి. అడిగే హక్కు చీటీ తీసుకున్న ప్రతివారికీ ఉంది.

మనలో కొందరు రేపు డాక్టర్లు, నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు అవుతారు. ఆ రోజు మీ ముందు కూర్చున్న పేదరోగి చెప్పుకోవడానికి తడబడితే తొందరపెట్టకండి. అతను చెప్పే మాటలోనే జబ్బు పేరు ఉంటుంది.